ఎయిర్ లాకర్ బిగింపు: గాలి పని కొంచెం, కొలత పని కొండంత

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి గతుకుల దారిలో ఎత్తుకు ఎక్కుతోంది. ముందు ఎడమ చక్రం గుంతలోకి దిగి వేలాడుతోంది, వెనక కుడి చక్రం గాల్లోకి లేచింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఆ రెండు చక్రాలే గిర్రున తిరుగుతున్నాయి. నేలను గట్టిగా పట్టుకున్న మిగతా రెండూ కదలనే కదలడం లేదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఇలా ఎందుకు ఆగిపోయింది? ఇంజిన్‌లో బలం తక్కువై కాదు, టైర్లు అరిగిపోయీ కాదు. రెండు యాక్సిల్‌లలోనూ ఉన్న డిఫరెన్షియల్, అంటే ఎడమ, కుడి చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, తన పని తాను చేస్తోంది కాబట్టే ఆగిపోయింది.

ఆ పని లేకపోతే మామూలు రోడ్డు మీద బండి నడవడమే కష్టం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు ఉన్న బండి యూ-టర్న్ తీసుకుందంటే, బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 4.7 మీటర్లు ఎక్కువ దూరం తిరగాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఆ తేడా అంతా టైర్లను ఈడ్చుకుంటూ పోతుంది. ఈ చిక్కు తీర్చడానికే ఫ్రాన్స్‌కు చెందిన గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెకర్ 1827లో ఒక ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి బండ్లలో ఉన్నదీ ఆ సూత్రమే.

అయితే ఈ సౌకర్యం ఊరికే రాలేదు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ వేగం వేరువేరుగా ఉండనిస్తుంది కానీ, తిప్పే బలాన్ని మాత్రం సమానంగానే పంచుతుంది. బురదలో ఉన్న చక్రం జారకుండా 100 న్యూటన్ మీటర్ల బలమే తట్టుకోగలదు అనుకుందాం. అవతలి చక్రం రాతి మీద ఉండి 1,000 తట్టుకోగలిగినా దానికీ 100 మాత్రమే అందుతుంది. మొత్తం 200. అదే డిఫరెన్షియల్‌ను లాక్ చేస్తే రెండు షాఫ్ట్‌లూ ఒక్కటైపోతాయి, రాతి మీదున్న చక్రం తన పూర్తి పట్టును వాడుకుంటుంది, మొత్తం 1,100 వరకూ వస్తుంది. ఇంజిన్ అదే, గేర్ అదే, టైర్లూ అవే. లాకర్ కోసం జనం అంత ఖర్చు పెట్టేది ఈ తేడా కోసమే.

లాక్ చేసే మార్గాలు చాలా ఉన్నాయి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొంత బలాన్ని అవతలికి మళ్లిస్తుంది గానీ చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చాలా రకాలు చేతులెత్తేస్తాయి. ఆటోమేటిక్ లాకర్ దానంతట అదే పట్టుకుంటుంది, వదులుతుంది. మలుపుల్లో ఆ టకటక శబ్దం, స్టీరింగ్‌లో వచ్చే తేడా రోజూ భరించాలి. జారుతున్న చక్రానికి బ్రేక్ వేసే ట్రాక్షన్ కంట్రోల్ కొత్త బండ్లలో బాగానే పనిచేస్తోంది, కాకపోతే చక్రం కొంత తిరిగాకే అది మేల్కొంటుంది. గాలితో పనిచేసే లాకర్‌కు ఉన్న ఆకర్షణ ఏమిటంటే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ అది అచ్చం మామూలు డిఫరెన్షియల్. ఆన్ చేస్తే పూర్తి లాక్. మధ్యస్థం లేదు. ఎయిర్ లాకర్ అనేది నిజానికి ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ తన ఉత్పత్తికి పెట్టుకున్న పేరు. ఇప్పుడు గాలితో నడిచే లాకర్ ఏదైనా వాడుకలో ఆ పేరుతోనే చలామణీ అవుతోంది.

ఈ లాకర్‌ను కొనేవాళ్ల దృష్టి ఎక్కువగా కంప్రెసర్ మీద, డ్యాష్‌బోర్డులో వెలిగే స్విచ్ మీద ఉంటుంది. కళ్లకు కనిపించేవి అవే కాబట్టి అది సహజం. కానీ ఈ బిగింపు పదేళ్లు నిలుస్తుందా, పది వారాల్లో మూలుగుతుందా అన్నది తేలేది హౌసింగ్ (డిఫరెన్షియల్ ఉండే డొక్కు) లోపల, క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద పళ్ల చక్రం) దగ్గర. పేరులో గాలి ఉన్నా ఇది ప్రధానంగా గేర్ సెట్టింగ్ పని. దానికి ఒక సన్నటి గాలి దారి తోడవుతుంది, అంతే.

లోపల జరిగేది

లాకర్ అంటే పాత డిఫరెన్షియల్‌కు తగిలించే అదనపు సామాను కాదు. పాత క్యారియర్ (లోపలి గేర్లను పట్టి ఉంచి, క్రౌన్ వీల్‌తో పాటు తిరిగే పెట్టె) మొత్తం బయటికి వచ్చేస్తుంది, దాని స్థానంలో కొత్త క్యారియర్ కూర్చుంటుంది. క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న గేర్ పినియన్ మాత్రం పాతవే ఉంటాయి. కొత్త క్యారియర్ కడుపులో ఉంగరం ఆకారంలో ఒక పిస్టన్ ఉంటుంది. గాలి దాన్ని నెడితే, అది పళ్లున్న ఒక గేర్‌ను జరిపి, సైడ్ గేర్‌ను (చక్రానికి పోయే షాఫ్ట్‌ను తిప్పే గేర్) క్యారియర్‌తో కలిపేస్తుంది. ఒక సైడ్ గేర్ క్యారియర్‌కు లాక్ అయిందంటే రెండోది కూడా స్వతంత్రంగా తిరగలేదు. గాలి వదిలేస్తే స్ప్రింగ్‌లు పిస్టన్‌ను వెనక్కి నెట్టేస్తాయి.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. క్యారియర్ తిరుగుతూ ఉంటుంది, గాలి పైపు కదలకుండా ఉంటుంది. మరి గాలి లోపలికి ఎలా వెళ్తుంది? క్యారియర్ ఒక చివర, బేరింగ్ దగ్గర, సీల్ హౌసింగ్ అనే చిన్న ఉంగరం ఉంటుంది. అది తిరగదు. దాని లోపల రెండు ఓ-రింగ్‌లు, వాటి మధ్య సన్నటి కాలువ. గాలి రాగి గొట్టం గుండా ఆ కాలువలోకి వచ్చి, తిరుగుతున్న క్యారియర్‌కు ఉన్న చిన్న చిల్లు ద్వారా పిస్టన్ దగ్గరికి చేరుతుంది. మొత్తం వ్యవస్థలో అతి సున్నితమైన చోటు ఇదే. వేడి గేర్ ఆయిల్‌లో మునిగి, ఎప్పుడూ రాసుకుంటూ ఉండే రెండు రబ్బరు రింగుల మీద అంతా ఆధారపడి ఉంది. వాటిని పొడిగా తొడిగితే మొదటి రోజే అంచు కోసుకుపోతుంది. గేర్ ఆయిల్ రాసి, మెల్లగా తిప్పుతూ తొడగాలి.

ముందు కొలవాలి, తర్వాతే విప్పాలి

లాకర్ ఆర్డర్ పెట్టే ముందే చూసుకోవాల్సినవి రెండు: యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్‌ల (షాఫ్ట్ కొసన ఉండే గాడి పళ్లు) లెక్క, గేర్ రేషియో (క్రౌన్ వీల్, పినియన్ పళ్ల నిష్పత్తి). ఒకే మోడల్ బండిలో కూడా ఏడాదిని బట్టి స్ప్లైన్‌లు మారొచ్చు. కొన్ని యాక్సిల్‌లలో రేషియో మారితే క్యారియర్ కూడా వేరేది కావాలి. పెట్టె తెరిచాక ఇది బయటపడితే బండి జాకీల మీదే ఉండిపోతుంది.

ఆయిల్ దించి, మూత తీశాక అందరూ వెంటనే స్పానర్ అందుకుంటారు. ఆ ఒక్క క్షణం ఆగాలి. పాత గేర్లు ఎలా కలిసి నడుస్తున్నాయో చెప్పగలిగేది అవి ఇంకా బిగించి ఉన్నప్పుడే. డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను కొలిచే సాధనం) పెట్టి పాత బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య సందు) ఎంతుందో రాసుకోవాలి. పళ్లకు గేర్ మార్కింగ్ పేస్ట్ పూసి, తిప్పి, ఆ ముద్రను ఫోటో తీసుకోవాలి. బేరింగ్ క్యాప్‌లు రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఎడమది కుడికి పనికిరాదు, ఎందుకంటే అవి హౌసింగ్‌తో కలిపి మెషినింగ్ చేసినవి. తీసే ముందే పంచ్‌తో గుర్తులు పెట్టాలి: ఒక వైపు ఒక చుక్క, రెండో వైపు రెండు చుక్కలు. ఏ వైపు షిమ్‌లు (సందు సర్దడానికి వేసే పల్చటి లోహపు రింగులు) ఆ వైపున విడిగా కట్టి పెట్టాలి. ఇదంతా కలిపి అరగంట పని. ఇది వదిలేసినవాళ్లు తర్వాత రోజంతా ఊహల మీద పనిచేయాల్సి వస్తుంది.

కొన్ని బండ్లలో డిఫరెన్షియల్ ముద్ద మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది, బల్ల మీద పెట్టుకుని హాయిగా పని చేయొచ్చు. మరికొన్నింటిలో వెనక మూత తీసి, బండి కింద పడుకుని, హౌసింగ్‌లోనే అన్నీ చేయాలి. రెండో రకంలో క్యారియర్ బిగుతుగా కూర్చుని ఉంటుంది. దాన్ని ఊడదీయడానికి హౌసింగ్‌ను స్ప్రెడర్‌తో వెడల్పు చేస్తే అర మిల్లీమీటరు దాటకూడదు. అంతకు మించి సాగదీసిన హౌసింగ్ మళ్లీ పాత ఆకారానికి రాకపోవచ్చు.

పాత క్యారియర్ నుంచి క్రౌన్ వీల్‌ను విడదీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కొన్ని యాక్సిల్‌లలో ఆ బోల్ట్‌లకు ఎడమ మర ఉంటుంది. వదులు చేస్తున్నాననుకుని బిగిస్తూ పోతే బోల్ట్ తల తెగిపోతుంది. బోల్ట్ తల మీద ఎల్ అనే అక్షరం ఉందేమో చూడటం మంచిది, సర్వీస్ మాన్యువల్ చూడటం ఇంకా మంచిది.

కొత్త క్యారియర్ మీద క్రౌన్ వీల్ బిగుతుగా కూర్చుంటుంది. సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, బోల్ట్‌లతో లాగి ఎక్కించకూడదు. వేడి నీళ్లలో ఉంచితే చాలు. 100 డిగ్రీలు మించని ఆ వేడికే రింగు వ్యాకోచించి నెమ్మదిగా జారి కూర్చుంటుంది. మంట చూపిస్తే మాత్రం గట్టిదనం కోసం పంటికి చేసిన హీట్ ట్రీట్‌మెంట్ దెబ్బతింటుంది. కూర్చునే రెండు ముఖాల మధ్య చిన్న రజను ముక్క మిగిలినా క్రౌన్ వీల్ వంకరగా తిరుగుతుంది. అందుకే ముఖం మీద వేలు పెట్టి చుట్టూ తడిమి చూడాలి, కంటికి కనిపించనిది వేలికి తెలుస్తుంది. బోల్ట్‌లకు థ్రెడ్ లాకర్ వేసి, ఎదురెదురుగా, దఫాలవారీగా, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించాలి.

రెండు కాగితాల మందం

పాత షిమ్‌లనే తిరిగి పెట్టేస్తే సరిపోతుందన్న ఆశ చాలామందికి ఉంటుంది. కొత్త క్యారియర్ కొలతలు పాతదానితో వెంట్రుకంత తేడా లేకుండా కలవడం అరుదు. పైగా ఒక వైపు సీల్ హౌసింగ్ చోటు తీసుకుంటుంది. కాబట్టి లెక్క మొదటి నుంచి వేసుకోవాల్సిందే.

సెట్ చేయాల్సినవి రెండు. మొదటిది బ్యాక్‌లాష్, అంటే పినియన్‌ను కదలకుండా పట్టుకుని క్రౌన్ వీల్‌ను అటూ ఇటూ ఆడిస్తే పళ్ల మధ్య వచ్చే సందు. చాలా యాక్సిల్‌లకు ఇది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మామూలు రాత కాగితాలు రెండు కలిపితే వచ్చే మందం అంత. తక్కువైతే వేడెక్కినప్పుడు పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, ఎక్కువైతే యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడల్లా ఠక్కుమని తగులుతాయి. రెండోది ప్రీలోడ్, అంటే బేరింగ్‌లను ముందుగానే కొంత నొక్కి ఉంచడం. బరువు పడినప్పుడు పినియన్ క్రౌన్ వీల్‌ను పక్కకు నెట్టడానికి చూస్తుంది. ప్రీలోడ్ చాలకపోతే క్యారియర్ ఆ నెట్టుకు జరుగుతుంది, కొలిచి పెట్టిన బ్యాక్‌లాష్ కొలిచినప్పుడే నిజం, దారిలో కాదు. లాకర్ వేసిన బండి మామూలు బండి కంటే కష్టమైన చోట్లకే పోతుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఈ రెంటినీ ఒకేసారి సర్దే కిటుకు చిన్నదే. రెండు వైపుల షిమ్‌ల మొత్తం మందం ప్రీలోడ్‌ను నిర్ణయిస్తుంది, ఏ వైపు ఎంత అన్నది బ్యాక్‌లాష్‌ను నిర్ణయిస్తుంది. ముందు మొత్తం మందం తేల్చుకుని, ఆ తర్వాత ఒక వైపు తీసింది రెండో వైపు వేస్తూ పోవాలి. షిమ్‌లకు బదులు తిప్పే నట్టులున్న యాక్సిల్‌లలో పని సులువు, ఒక వైపు ఎంత వదిలితే రెండో వైపు అంత బిగించడమే. కొలత మాత్రం ఒక్క చోట తీసుకుని సంతోషపడకూడదు. క్రౌన్ వీల్ చుట్టూ కనీసం నాలుగు చోట్ల చూడాలి. వాటి మధ్య 0.05 మిల్లీమీటరు మించి తేడా వస్తే క్రౌన్ వీల్ సరిగ్గా కూర్చోలేదని అర్థం. షిమ్‌లతో దాన్ని సరిచేయలేం, విప్పి మళ్లీ ముఖాలు తుడవాలి.

ఇక మార్కింగ్ పేస్ట్. పసుపు రంగు పేస్ట్‌ను నాలుగైదు పళ్లకు పల్చగా పూసి, క్రౌన్ వీల్‌కు కొంచెం అడ్డు పట్టి ఉంచి పినియన్‌ను తిప్పాలి. అడ్డు లేకుండా తిప్పితే ముద్ర మసకగా పడి ఏమీ చెప్పదు. పళ్లు తగిలిన చోట పేస్ట్ పక్కకు పోయి లోహం మెరుస్తుంది. ఆ మెరుపు పంటి అంచున గానీ మొదట్లో గానీ కాకుండా, మధ్యలో, కోడిగుడ్డు ఆకారంలో పరుచుకుని ఉండాలి. పినియన్‌ను కదపలేదు కాబట్టి దాని లోతు మారే అవకాశం లేదు. అందువల్ల కొత్త ముద్ర, విప్పకముందు తీసిన ఫోటోలోని ముద్రకు దగ్గరగా ఉండాలి. పాత గేర్లు కొన్ని వేల కిలోమీటర్లు కలిసి తిరిగి ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. ఆ అలవాటును చెదరగొట్టకపోవడమే ఇక్కడి లక్ష్యం. బ్యాక్‌లాష్ అంకె పుస్తకంలో ఉన్నట్టు వచ్చి ముద్ర మాత్రం వేరే చోట పడితే, ముద్రనే నమ్మాలి.

గాలి దారి

గేర్లు సెట్ అయ్యాక మిగిలింది హౌసింగ్‌కు చిల్లు వేయడం. మనసు ఒప్పని పని ఇది, నిక్షేపంగా ఉన్న ఇరుసుకు డ్రిల్ పెట్టాలంటే ఎవరికైనా టెన్షనే. చాలా కిట్‌లలో చిల్లు 11.2 మిల్లీమీటర్లు, మర పావు అంగుళం ఎన్‌పీటీ (పైపు ఫిట్టింగ్‌లకు వాడే మర రకం). ఆయిల్ మట్టం కంటే పైన, సస్పెన్షన్ పూర్తిగా పైకి వచ్చినా దేనికీ తగలని చోట, రాళ్ల దెబ్బ పడని వైపు వేయాలి. డ్రిల్ బిట్‌కూ ట్యాప్‌కూ గ్రీజు దట్టంగా పూస్తే రజను దానికే అంటుకుంటుంది. క్యారియర్‌ను బయటే ఉంచి చిల్లు వేసి, తర్వాత అయస్కాంతంతో, గుడ్డతో లోపలంతా తుడిచేయాలి. ఎన్‌పీటీ మర కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ట్యాప్‌ను మరీ లోతుగా దించేస్తే చిల్లు వెడల్పై ఫిట్టింగ్ ఎంత బిగించినా బిగుసుకోదు. అందుకే కొద్దికొద్దిగా తిప్పుతూ, మధ్యమధ్యలో ఫిట్టింగ్ పెట్టి చూసుకోవాలి.

సీల్ హౌసింగ్ నుంచి ఈ చిల్లు దాకా రాగి గొట్టాన్ని చేత్తో మెల్లగా వంచాలి. ఒక్కసారి నొక్కుకుపోయిన గొట్టాన్ని తిరిగి సరిచేయాలని చూడటం వృథా. క్రౌన్ వీల్‌కు, తిరిగే బోల్ట్ తలలకు దూరంగా, హౌసింగ్ గోడను ఆనుకుని పోవాలి. గొట్టం ఇరుసులో బిగదీసినట్టు ఉండకూడదు, అలా ఉంటే అది సీల్ హౌసింగ్‌ను ఒక పక్కకు లాగి ఓ-రింగ్‌లను అరగదీస్తుంది. కొన్ని యాక్సిల్‌లలో గొట్టానికి దారి ఇవ్వడానికి బేరింగ్ క్యాప్ అంచును కొంచెం గ్రైండ్ చేయాలి.

మూత పెట్టే ముందే గాలి పెట్టి చూడాలి. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (యాక్సిల్‌కు శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) ఒకరు పట్టుకుని ఒక చక్రాన్ని తిప్పితే, లాక్ లేనప్పుడు అవతలి చక్రం వ్యతిరేక దిశలో తిరుగుతుంది. లాక్ పడితే రెండూ ఒకే దిక్కుకు తిరగాలని చూస్తాయి, షాఫ్ట్‌ను పట్టుకున్న చేతికి ఆ లాగుడు తెలుస్తుంది. ఫిట్టింగ్‌ల మీద సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయా అని చూడాలి. మూత బిగించి, ఆయిల్ పోశాక లీక్ దొరికితే పని మళ్లీ మొదటికొస్తుంది.

బయటి పని గురించి చెప్పాల్సింది తక్కువ. కంప్రెసర్ నీళ్లు అందనంత ఎత్తులో, ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉండాలి. దానికి రిలే, బ్యాటరీ దగ్గరే సరైన ఫ్యూజ్ ఉండాలి. నైలాన్ గాలి పైపును పదునైన బ్లేడుతో నిటారుగా కోయాలి, యాక్సిల్ కిందికి వేలాడినప్పుడు లాగుకుపోకుండా వదులు ఉంచాలి, పైపును కట్టే ప్లాస్టిక్ ట్యాగ్‌లను అది నొక్కుకుపోయేంత బిగించకూడదు. ముందు, వెనక రెండు లాకర్లు ఉంటే, వెనకది ఆన్ అయితేనే ముందుది ఆన్ అయ్యేలా వైరింగ్ చేయడం మంచి పద్ధతి.

ఒకే లాకర్ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది వెనక యాక్సిల్‌ను ఎంచుకుంటారు, అది సరైనదే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది, పట్టు అక్కడే ఉంటుంది. ముందు యాక్సిల్ లాక్ అయితే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపు తిరగనని మొండికేస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సీవీ జాయింట్లు (మలుపు తిరిగే చక్రానికి శక్తి అందించే కీళ్లు) విరగొచ్చు. ఒకప్పుడు రెండు చక్రాల మధ్య పంచుకున్న బలం ఇప్పుడు ఒకే షాఫ్ట్ మీద పడొచ్చన్నది వెనక యాక్సిల్‌కూ వర్తిస్తుంది. పెద్ద టైర్లు కూడా ఉంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది.

వాడకంలో కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు, చక్రం గిర్రున తిరుగుతుండగా స్విచ్ నొక్కడం. వేగంగా తిరుగుతున్న పళ్లు ఒక్కసారిగా పట్టుకుంటే విరగడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఇరుక్కోకముందే, బండి ఆగి ఉన్నప్పుడో నత్తనడకన పోతున్నప్పుడో లాక్ చేయాలి. ఆఫ్ చేశాక ఒక్కోసారి వెంటనే వదలదు, షాఫ్ట్‌లలో మిగిలిన బిగువు పళ్లను పట్టి ఉంచుతుంది. స్టీరింగ్ నిటారుగా పెట్టి కొంచెం ముందుకో వెనక్కో కదిలిస్తే విడిపోతుంది.

గాలి ఎక్కడ పోతోందో కంప్రెసరే చెబుతుంది. లాకర్ ఆఫ్‌లో ఉన్నా అది ఊరకే మళ్లీ మళ్లీ మొదలవుతుంటే లీక్ సోలనాయిడ్ వాల్వ్‌కు (స్విచ్ నొక్కితే లాకర్‌కు గాలి వదిలే కరెంటు వాల్వ్) ముందే ఉంది. లాకర్ ఆన్ చేసినప్పుడు మాత్రమే అలా అవుతుంటే ఆ తర్వాత ఉంది. బయటి ఫిట్టింగ్‌లన్నీ పొడిగా ఉండి, యాక్సిల్ బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) దగ్గర మాత్రం గాలి బుసలు కొడుతుంటే గాలి హౌసింగ్ లోపలే తప్పించుకుంటోంది. సోలనాయిడ్ గాలి వదిలే చోట గేర్ ఆయిల్ చుక్కలు కనిపిస్తే సీల్ హౌసింగ్ ఓ-రింగ్‌లను మొదట అనుమానించాలి. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆ గాలికి దారి లేక యాక్సిల్ ఆయిల్ సీళ్లను తోసుకుని బ్రేకుల మీదికి ఆయిల్ తెస్తుంది. అందుకే లాకర్ బిగించిన రోజే బ్రీదర్‌ను కూడా ఊడదీసి శుభ్రం చేయాలి.

మొదటి 1,000 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ దించి, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని వెలుతురులో పెట్టి చూడాలి. దానికి పట్టిన బూడిద రంగు మెత్తటి ముద్ద వేళ్ల మధ్య గ్రీజులా జారిపోతే కొత్త భాగాలు సర్దుకుంటున్నాయని అర్థం, కొత్త ఆయిల్ పోసి మూసేయొచ్చు. గోటికి తగిలేంత ముక్క ఒక్కటి ఉన్నా ఆయిల్ పోయకుండా మళ్లీ మూత విప్పి, పేస్ట్ పూసి, ముద్ర చూడాలి.